మళ్లీ సైకిలెక్కారా? సీటు నొప్పి ఇలా తప్పించుకోండి

కాలేజీ వదిలాక ఇన్నేళ్లకు మళ్లీ సైకిల్ కొన్నారు. మూడో రోజుకే కుర్చీలో కూర్చోలేనంత నొప్పి. నాలుగో రోజు నుంచి దాని మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి!

ఈ నొప్పి సహజమే. తొక్కేటప్పుడు ఒంటి బరువు చాలావరకు పిరుదుల కింది రెండు ఎముకల మీద పడుతుంది. అక్కడి చర్మానికి, కండకు ఆ ఒత్తిడి అలవాటు తప్పింది. మళ్లీ అలవాటవడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అందాకా రోజు విడిచి రోజు 15-20 నిమిషాలు చాలు.

చాలామంది వెంటనే మెత్తటి జెల్ కవర్ కొంటారు. కాసేపటికైతే హాయే. ఎక్కువసేపు తొక్కితే ఎముకలు అందులో దిగబడి, మధ్యలోని నరాలు, రక్తనాళాలు నలుగుతాయి. ముందు సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. సీటు మరీ ఎత్తైతే నడుము అటూ ఇటూ ఊగి చర్మం ఒరుసుకుపోతుంది. సీటు ముందుభాగం పైకి లేచి ఉండకూడదు. మందపాటి కుట్లుండే జీన్స్ వద్దు. ప్యాడ్ షార్ట్స్ వేసుకుంటే లోపల లోదుస్తులు అక్కర్లేదు.

తిమ్మిరి సంగతి వేరు. మర్మాంగాల దగ్గర మొద్దుబారితే వెంటనే దిగండి. సీటు సరిచేశాకా వస్తుంటే డాక్టర్‌కు చూపించుకోండి. సెగ్గడ్డ లేస్తే పిండొద్దు, మానేదాకా తొక్కొద్దు. షుగరున్నవాళ్లు అదే తగ్గుతుందిలే అని ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఆ చోటు చూపించడానికి సిగ్గుపడి, బాగా చీము పట్టాకే మా ఓపీకి వస్తుంటారు.