కడపటి రికార్డు – కార్పెంటర్ల శ్రోతలు

గాయని మరణించినదని తెలిసిన పిమ్మట ఆమె పాటను ఎవ్వరును మునుపటివలె వినలేరు. పాటలో ఒక్క స్వరమైనను మారదు. రికార్డు అదియే, దానిపై గీతలు అవియే. మారునది వినువాని మనస్సు. అమెరికా దేశపు అన్నాచెల్లెండ్రగు రిచర్డ్, కరెన్ కార్పెంటర్ల కడపటి రికార్డు ‘మేడ్ ఇన్ అమెరికా’ను గూర్చి శ్రోతలలో నేటికిని తెగని వాదమునకు మూలమిదియే.

రిచర్డ్ 1946లో, కరెన్ 1950లో కనెక్టికట్ రాష్ట్రమునందలి న్యూహేవెన్‌లో జన్మించిరి. 1963లో కుటుంబము కాలిఫోర్నియాలోని డౌనీకి తరలిపోయెను. అన్న పియానో వాయించుచు, పాటలకు వాద్యరచన కూర్చెడివాడు. చెల్లెలు మొదట డ్రమ్ములు వాయించెడిది. గాయనిగా లోకము ఆమెను గుర్తించుట తరువాతి మాట. స్త్రీ కంఠములలో మిగుల దిగువ స్థాయిని పలుకు మంద్రస్వరము ఆమెది. చెంత కూర్చుండి ఒక్కరికే చెప్పుచున్నట్లు పాడెడిది. విద్యుద్గిటార్ల హోరు మిన్నుముట్టిన 1970లో వీరి ‘క్లోజ్ టు యు’ పాట అమెరికాలో నాలుగు వారములు ప్రథమస్థానమున నిలిచెను. మెత్తనైన ఈ బాణీకి సాఫ్ట్ రాక్ అని పేరు.

ప్రఖ్యాతి వెంట కష్టములును వచ్చెను. నిద్రమాత్రలకు బానిసయైన రిచర్డ్ 1979లో చికిత్సకు పోవలసివచ్చెను. అంతట కరెన్ న్యూయార్క్ వెళ్లి, ఫిల్ రమోన్ పర్యవేక్షణలో, అన్న తోడు లేకుండ కొన్ని పాటలు రికార్డు చేసెను. అవి అప్పటికి వెలుగు చూడలేదు. అనొరెక్సియా నెర్వోసా అను వ్యాధి, అనగా సన్నబడవలెనను తీరని తపనతో అన్నమును దూరము చేసికొను మనోవ్యాధి, ఆమెను అంతకుముందే పట్టుకొనియుండెను. 1977 నాటి ‘ప్యాసేజ్’ తరువాత, ఒక క్రిస్మస్ పాటల సంపుటి తప్ప, ఇరువురును కలిసి వెలువరించిన క్రొత్త రికార్డు లేదు. 1981 జూన్‌లో వచ్చిన ‘మేడ్ ఇన్ అమెరికా’ ఆ కొఱతను తీర్చెను.

అభిమానులు సంతోషించిరి. ఆ సంతోషము వారిని దాటి దూరము పోలేదు. అందలి ‘టచ్ మి వెన్ వుయ్ ఆర్ డాన్సింగ్’ అను పాట బిల్‌బోర్డ్ పట్టికలో 16వ స్థానమువఱకు ఎక్కినను, రికార్డు 52తోనే ఆగిపోయెను. ‘క్లోజ్ టు యు’ సంపుటి ఒకప్పుడు రెండవ స్థానమును అందుకొన్నదని తెలిసినవారికి ఇది చిన్న పతనము కాదు. తీపి హెచ్చినదనుట ఒక ఆక్షేపణ. తంత్రీవాద్యములును బృందగానమును గొంతును కప్పివేసినవనుట మఱియొకటి. మార్వెలెట్స్ బృందము 1962లో పాడిన ‘బీచ్‌వుడ్ 4-5789’ టెలిఫోను నంబరు చెప్పి ప్రియుని పిలుచు పడుచుపాట. దానిని 31 ఏండ్ల గాయని చేత మరల పాడించుట ఏలయని అడుగువారు నేటికిని కలరు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కంచుగంట వంటి గొంతు చేతనుండగా గిలక మ్రోగించినట్లున్నది.

1983 ఫిబ్రవరి 4న కరెన్ డౌనీలో మరణించెను. ఆమె వయస్సు 32. దీర్ఘకాలము పస్తులతో కృశించిన దేహమున గుండె ఓడిపోయెను. ఆ వ్యాధి పేరును ఎందఱో మొదటిసారి విన్నది ఆ మరణవార్తతోనే.

అటుపిమ్మట అదే రికార్డు వేఱొక రికార్డయ్యెను. చివరనున్న పెండ్లిపాట ‘బికాజ్ వుయ్ ఆర్ ఇన్ లవ్’ 1980 ఆగస్టులో కరెన్ వివాహమునకై రచింపబడినది. నాటకరంగమునకు తగిన ఆడంబరమని 1981లో చప్పరించినవారు, ఆ కాపురము రెండేండ్లైనను నిలువలేదని ఎఱిగి వినునప్పుడు కన్నీరు ఆపుకొనలేకపోవుచున్నారు. ‘వెన్ ఇట్స్ గాన్’ అను పాట సంగతియు అట్టిదే. ముగిసిన ప్రేమను గూర్చిన పాట అది. అందు గాయని తన బ్రతుకునే చెప్పుకొన్నదని పలువురి నమ్మకము. కాని ఆ పాటను కట్టినది వేఱొకరు.

అభినవగుప్తుడు రసమునకు ఏడు విఘ్నములను చెప్పెను. సామాజికుడు స్వీయ సుఖదుఃఖములకు వశుడగుట వానిలో ఒకటి. ఇచ్చటి దుఃఖము శ్రోతకు సొంతము కాదు, అయినను లౌకికమే. పెండ్లిపాట విని కంటతడి పెట్టువాడు కరుణరసమును అనుభవించుట లేదు, ఒక యువతి అకాలమరణమునకు వగచుచున్నాడు. అది మంచి మనస్సే, కాని పాట ఎట్లున్నదను ప్రశ్నకు సమాధానము కాదు. ఆ పాటలో వాద్యముల బరువు 1981లో ఎంతయో నేటికిని అంతయే. ‘వెన్ ఇట్స్ గాన్’ మాత్రము ఏ కథయు ఎఱుగని విద్యార్థి విన్నను నిలుచును. అందు గొంతుకు చోటున్నది; పలుకునకును పలుకునకును నడుమ ఆమె ఊపిరి వినబడును.

ఇది కడపటి రికార్డే కాదనువారును కలరు. 1983 అక్టోబరులో రిచర్డ్ వెలువరించిన ‘వాయిస్ ఆఫ్ ది హార్ట్’లో 1982 ఏప్రిల్‌లో కరెన్ పాడిన ‘నౌ’ అను పాట ఉన్నది. ఆమె చివరిగా పాడినది అదియే. కాని ఏ పాట ఉంచవలెను, ఏది విడువవలెనని ఇరువురును కూర్చుండి తేల్చుకొన్న సంపుటి ‘మేడ్ ఇన్ అమెరికా’యే గనుక కడపటిది దానినే అనుట తగును.

తేల్చుకొన్నది నిజముగా ఇరువురేనా? 1996లో, కరెన్ మరణించిన పదమూడేండ్లకు, న్యూయార్క్‌లో ఆమె ఒంటరిగా పాడిన పాటలు వెలువడినప్పటినుండి ఈ సందేహము శ్రోతలను వదలలేదు. అందలి కరెన్ నృత్యపు లయలను, పెద్దవారి ప్రేమమాటలను ఎన్నుకొన్న స్త్రీ. ఆ రెండు రికార్డులను ఒకదాని వెంట ఒకటి విన్న అభిమానులలో కొందఱు టెలిఫోను నంబరు పాట వచ్చునప్పటికి ముల్లు ఎత్తి తరువాతి పాటమీద పెట్టుచున్నారు.