ఆకాశమున విమానము – చేతిలో కొత్త కెమేరా

నేలపై నిలబడి ఆకాశమున పోవు విమానమును ఛాయాచిత్రముగా పట్టుట ఛాయాగ్రహణ విద్యలో కష్టమైన పనులలో ఒకటి. పెండ్లిపందిరిలోని వధూవరులు "కొంచెము ఇటు చూడండి" అన్నచో చూతురు. గంటకు 700 కిలోమీటర్ల వేగముతో పోవు జెట్ విమానము మన మాట వినదు. అయినను హైదరాబాదు విద్యార్థులకు ఈ విద్యను అభ్యసించుటకు మంచి అవకాశములు కలవు. బేగంపేట విమానాశ్రయము 2008 మార్చిలో సాధారణ ప్రయాణీకులకు మూతపడి, ఆ రాకపోకలన్నియు శంషాబాదునకు తరలిపోయినను, తదుపరి కాలమున 'వింగ్స్ ఇండియా' వైమానిక ప్రదర్శనకు అదే వేదిక అయినది. 2022లోను, 2024లోను భారత వైమానిక దళపు 'సారంగ్' హెలికాప్టర్ల బృందము అచ్చట విన్యాసములు చేసినది. 2024 డిసెంబరు 8వ తేదీన హుస్సేన్ సాగరుపై 'సూర్యకిరణ్' దళము ఎగురగా ట్యాంక్ బండ్ జనముతో నిండిపోయినది. ఇక నగర శివారునగల దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీయే ఉన్నది.

మన నగరమునకు ఛాయాగ్రహణము కొత్త కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్ దయాళునకు 'రాజా ముసవ్విర్ జంగ్ బహాదుర్' అను బిరుదమిచ్చెను. 'ముసవ్విర్' అనగా చిత్రకారుడని మన ఉర్దూ విభాగపు మిత్రులకు చెప్పనక్కరలేదు. ఆనాటి గాజుపలకల కెమేరా ముందు దర్బారు పెద్దలు కదలక మెదలక కూర్చుండవలసి వచ్చెడిది. 1975లో కొడాక్ సంస్థలోని ఇంజనీరు స్టీవెన్ శాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమేరాయును అంత చురుకైనదేమి కాదు. 10,000 బిందువుల చిత్రమొకదానిని క్యాసెట్ టేపుపై నమోదు చేయుటకు దానికి 23 సెకనులు పట్టెడిది. నేటి సామాన్యమైన కెమేరా 2 కోట్ల 40 లక్షల బిందువుల చిత్రములను సెకనునకు ఐదారు తీయగలదు. మన పనికి ఆధారము ఈ వేగమే.

కెమేరా కొనినవారికి మొదట ఎదురగు నిరాశ కటకమును గురించినది. పెట్టెలో కెమేరాతోపాటు సాధారణముగా 18–55 మిల్లీమీటర్ల లెన్సు వచ్చును. దానితో తీసిన చిత్రమున విమానము ఈగవలె కనిపించును. లెక్క చూడుడు. సూర్యకిరణ్ దళము వాడు హాక్ విమానము సుమారు 12 మీటర్ల పొడవు కలది. అది 400 మీటర్ల దూరమున నున్నప్పుడు 55 మి.మీ. నాభ్యంతరముతో ఏర్పడు ప్రతిబింబము ఒకటిన్నర మి.మీ.కు కొంచెము ఎక్కువ మాత్రమే. మన కెమేరాలోని సెన్సారు వెడల్పు దాదాపు 24 మి.మీ. అనగా చిత్రపు వెడల్పులో విమానము పదునాలుగవ వంతు మాత్రమే ఆక్రమించును. అదే 300 మి.మీ. లెన్సుతోనైన 9 మి.మీ. ప్రతిబింబము ఏర్పడును; చిత్రమున మూడవ వంతునకు మించి విమానమే యుండును. కనుక కెమేరాపై పెట్టు డబ్బులో కొంత తగ్గించియైనను 70–300 మి.మీ. తరగతి లెన్సును సంపాదించుట మేలని నా అభిప్రాయము. కోఠీ ప్రాంతమున వాడిన లెన్సులు దొరకవచ్చును. కొనుటకు ముందు లెన్సును వెలుతురునకు ఎదురుగా పట్టి లోనికి చూడుడు. సాలెగూడు వంటి పోగులు కనిపించినచో అది బూజు. ధర యెంత తక్కువైనను తీసికొనరాదు.

ఇక అసలు విషయము షట్టరు వేగము. కెమేరా పైనున్న చక్రముపై ఈ పద్ధతిని కొన్ని కంపెనీలు 'ఎస్' అనియు, కానన్ వారు 'టీవీ' అనియు గుర్తింతురు. ఇచ్చట టీవీ యనగా దూరదర్శన్ కాదు, కాలమునకు సంకేతము! వేగమును మనము నిర్ణయించినచో అపర్చరును కెమేరా చూచుకొనును. గంటకు 720 కిలోమీటర్ల వేగమనగా సెకనునకు 200 మీటర్లు. షట్టరు సెకనులో 1/250వ వంతు తెరచియున్నచో ఆ కాలములో విమానము 80 సెంటీమీటర్లు జరిగిపోవును. 1/1000 అయినచో 20 సెంటీమీటర్లు. అందువలన జెట్ విమానములకు 1/1000 గాని అంతకు మించిన వేగముగాని పెట్టవలెను. మిగిలిన ఆ 20 సెంటీమీటర్ల కదలికను మన నడుము సరిచేయవలెను. దానిని గూర్చి ముందు చెప్పెదను.

పంకా గల విమానములకు ఈ సూత్రము తలక్రిందులగును. కొత్తవారు జెట్టునకు పెట్టిన 1/1000 వేగమును మార్చక పంకా విమానమును కూడ తీయుదురు. చిత్రము స్పష్టముగా వచ్చును గాని రెక్కలు ఆగిపోయినట్లు, విమానము గాలిలో వ్రేలాడదీసిన బొమ్మవలె తోచును. నిమిషమునకు 2,500 చుట్లు తిరుగు పంకా సెకనులో 15,000 డిగ్రీలు తిరుగును. 1/1000లో అది 15 డిగ్రీలే. 1/250లో 60 డిగ్రీలు, 1/125లో 120 డిగ్రీలు. మూడు రెక్కల పంకా 120 డిగ్రీలు తిరిగిన యెడల ఒక రెక్క జాడ వేరొక రెక్క జాడతో కలిసి, నిండైన వలయము ఏర్పడును. అదే మనకు కావలసినది. హెలికాప్టరు ఇంకను కఠినము. దాని పై రోటరు నిమిషమునకు సుమారు 300 చుట్లే తిరుగును గనుక 1/500లో నాలుగు డిగ్రీలైనను కదలదు. సారంగ్ బృందము వాడిన ధ్రువ్ హెలికాప్టరునకు నాలుగు రెక్కలు. నిండు వలయము కావలెనన్న 1/20 పెట్టవలెను. అంత నెమ్మదిగా చేతితో పట్టి తీయుట సిద్ధహస్తులకే దుర్లభము. 1/125తో మొదలుపెట్టి, చేయి కుదిరినకొలది 1/60కు దిగుట మంచిది. పది చిత్రములలో తొమ్మిది చెడును. డిజిటల్ కెమేరాలో ఫిల్ము ఖర్చు లేదు గనుక చెడిపోనిండు.

ఇందులో ఒక చిక్కు కలదు. ఎండలో ఐ.ఎస్.ఓ. 100 వద్ద 1/125 పెట్టగానే అపర్చరు ఎఫ్ 16 దరిదాపులకు ముడుచుకొనిపోవును. అంత సన్నని రంధ్రముగుండ వచ్చు వెలుతురులో సెన్సారుపైని ధూళికణములు నీలాకాశమున నల్లని మచ్చలుగా తేలును. కావున ప్రదర్శనకు వారము ముందే తెల్లని గోడను ఎఫ్ 16లో తీసి పరీక్షింపుడు. మచ్చలున్నచో గాలితిత్తితో ఊదుడు. నోటితో ఊదరాదు, ఉమ్మితుంపరలు పడును.

కెమేరా తెలివి తక్కువది కాదు గాని, దానికి ఒక మూఢవిశ్వాసము కలదు: లోకమంతయు నడిమి బూడిదరంగుననే యుండునని నమ్మును. తెల్లని మబ్బులముందు నల్లగా పోవు విమానమును చూపినచో, వెలుతురు ఎక్కువైనదని భ్రమించి అంతయు చీకటి చేయును. కూడిక, తీసివేత గుర్తులున్న మీటను త్రిప్పి, మబ్బుపట్టిన దినమున ఒక మెట్టు కలుపుడు. నిర్మలమైన నీలాకాశమైనచో కలుపనక్కరలేదు. సూర్యకిరణ్ విమానములు ఎరుపు తెలుపు రంగులవి. ఎండలో కలిపినచో తెలుపు పాలిపోవును.

ఫోకసును ఎడతెగక వెంబడించు పద్ధతికి మార్చవలెను. ఆకాశమున పట్టుకొనుటకు గుర్తేమియు లేకపోవుటచే లెన్సు ముందునకు వెనుకకు తడుముకొనుచుండును. విమానము రాకముందే దూరముననున్న చెట్టుపైనో భవనముపైనో ఫోకసు చేసియుంచిన యెడల ఆ తడుములాట తగ్గును.

ఇప్పుడు నడుము సంగతి. విమానము మనకు మిక్కిలి దగ్గరగా వచ్చునని తోచిన దిక్కునకు పాదములు త్రిప్పి నిలబడవలెను. ఆ పిమ్మట నడుమును మాత్రము విమానము వచ్చు వైపునకు త్రిప్పి, దూరమునుండియే దానిని కెమేరాలో పట్టి, దానితోపాటు తిరుగుచు మీటను మెల్లగా నొక్కవలెను; నొక్కిన పిమ్మట కూడ తిరుగుట ఆపరాదు. మోచేతులు ప్రక్కలకు ఆనియుండవలెను. ఈ అభ్యాసమునకు విమానము అక్కరలేదు. రోడ్డుమీది ఆటోలు, ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు, మక్కా మసీదు ఆవరణలోని పావురములు, సంక్రాంతి గాలిపటములు చాలును. పావురమును పట్టగలిగినవానికి హాక్ విమానము లొంగును. దాని దారి పావురపు దారికన్న సూటియైనది.

ఈ సందర్భమున కళాశాల కమిటీవారికి ఒక మనవి. విద్యాసంస్థలలో కెమేరా వంటి విలువైన వస్తువు బీరువాలో తాళము వేయబడి, వార్షికోత్సవమునాడు మాత్రము బయటికి వచ్చుట తరచుగా చూచుచున్నాము. తేమలో మూసియుంచిన లెన్సునకే బూజు త్వరగా పట్టును. కెమేరా కొనలేని విద్యార్థికి వారమునకు రెండు దినములు, రిజిస్టరులో సంతకము తీసికొని, అప్పగించినచో వస్తువును, విద్యయు రెండును దక్కును.

చోటును ఎన్నుకొనుట సగము పని. 2024 నాటి హుస్సేన్ సాగరు ప్రదర్శనయే ఉదాహరణ. ట్యాంక్ బండ్ సరస్సునకు తూర్పు గట్టు. సాయంకాలము అచ్చటినుండి నీటివైపు చూచినచో సూర్యుడు కంటికెదురుగానే యుండును. విమానములు నల్లని నీడలగును. పడమటి గట్టుననున్న నెక్లెస్ రోడ్డున నిలిచినవారికి వెలుతురు వెనుకనుండి వచ్చును. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా నున్నది. చలికాలమున సూర్యుడు దక్షిణమునకు ఒరిగియుండును గనుక, దానికి దక్షిణమున నిలిచి ఉత్తరముగా చూచుటకు వీలైనచో అది ఉత్తమము.

కెమేరాకన్న ప్రాణము ముఖ్యము. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరమున వైమానిక ప్రదర్శన చూడవచ్చిన లక్షలాది జనములో ఎండతాకిడికి గురియై ఐదుగురు మరణించిరి. నీళ్ల సీసా, టోపీ, తిరుగుదారి ఎటో ముందే చూచుకొనుట లెన్సుకన్న అవసరములు. విన్యాసము చేయువారి సాహసమును కూడ మరువరాదు. 2010 మార్చి 3న బేగంపేటలోనే నౌకాదళపు 'సాగర్ పవన్' బృందములోని కిరణ్ విమానము కూలి ఇద్దరు అధికారులు అసువులు బాసిరి. అట్టి క్షణమున కెమేరాను దించి దారి ఇచ్చుటయే చేయదగినది. వైమానిక స్థావరముల ప్రహరీల వద్ద అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు; తీసినచో అనుమానములకు, విచారణలకు లోనగుదురు. కళాశాల గుర్తింపు పత్రము జేబులో నుండవలెను. రక్షకభటుడు వద్దన్నచో వాదింపక కెమేరాను సంచిలో పెట్టుడు.

ఇంటికి చేరిన రాత్రియే చిత్రములను కంప్యూటరునకు ఎక్కించి, వేరొక డిస్కున ప్రతి ఉంచుకొనుడు. అంతవరకు మెమరీ కార్డును తుడిచివేయరాదు. ఎనిమిది వందలు తీసినచో పది మిగులవచ్చును. ఏరునప్పుడు విమానము మూతిభాగమును, పైలటు శిరస్త్రాణమును పెద్దవిగా చేసి చూడుడు. అవి మసకగానున్నచో తక్కినదెంత బాగున్నను తీసివేయుడు. మిగిలిన పదింటిలో రెండింటిని ముద్రించి, తేదీ, షట్టరు వేగము వెనుక వ్రాసి గ్రంథాలయపు నోటీసు బోర్డున పెట్టినచో, వచ్చు సంవత్సరము కెమేరా పట్టువారు అచ్చటినుండి మొదలుపెట్టగలరు.