వేళ చెప్పి పైకెగయు నీరు

అమెరికాలోని కుమారుని యింటికి వెళ్లి, వెస్ట్ యెల్లోస్టోన్ అను చిన్న పట్టణమున ఒక రాత్రి బసచేసి, మరునాడు యెల్లోస్టోన్ జాతీయోద్యానమును చూచివచ్చిన పాఠకులొకరు మాకు జాబు వ్రాసిరి. బైసన్ దున్నలు రోడ్డుకడ్డముగా నిలిచి కార్ల నాపివేసిన సంగతియు, పట్టణమున గదుల అద్దెలు మండిపోవుచున్న సంగతియు రెండు వాక్యములలో ముగించి, వారడిగిన ప్రశ్న యిది: ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అను గీజరు, అనగా ఉండియుండి పైకి చిమ్ము వేడినీటి బుగ్గ, ఎప్పుడు లేచునో అచ్చటివారు ముందుగానే బోర్డు మీద వ్రాసిపెట్టిరి, అది యించుమించు ఆ వేళకే లేచినది, నేలలోని నీటికి వేళ యెట్లు తెలియును? ఇట్టి ప్రశ్న చేతికందిన పిమ్మట, ఈ నెలకు అనుకొన్న విషయమును ప్రక్కకు నెట్టక తప్పలేదు.

పూర్వరంగమును త్వరగా ముగింతము. 1872లో ఏర్పడిన ఈ ఉద్యానము ప్రపంచమున మొదటి జాతీయోద్యానముగా ప్రసిద్ధి కెక్కినది. దీని గర్భమున మహాగ్నిపర్వత మొకటి కలదు. దాని కడపటి మహావిస్ఫోటము సుమారు 6,40,000 ఏండ్లనాటిది. క్రింద శిలలను కాచు వేడిమి, పైనుండి ఇంకు మంచునీరు, ఆ నీరు కరగించి తెచ్చిన సిలికా పేరుకొని గట్టిపడిన గొట్టములు — ఈ మూడును ఒక్కచోట కూడుట అరుదు. కనుకనే ప్రపంచమునందలి గీజర్లలో సగము, అనగా ఐదువందలకు పైబడినవి, ఇచ్చటనే యున్నవి.

ఇక అసలు విశేషము. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన యగుటచే బయటి నీరు 93 డిగ్రీలకే మరగును. కాని గొట్టములో పది మీటర్ల లోతుననున్న నీటిపై, గాలి బరువునకు తోడు పది మీటర్ల నీటి బరువును పడుచున్నందున, అది 115 డిగ్రీలవరకు మరగజాలదు. మూత బిగించిన ప్రెషర్ కుక్కరులోని నీరువలె, నూరు డిగ్రీలు దాటియు నీరుగానే యణగియుండును. గొట్టము విశాలమైనచో వేడినీరు పైకిని చల్లనినీరు క్రిందికిని తిరుగుచు, వేడిమి మెల్లగా బయటపడి, అది సామాన్యమైన వేడినీటి గుండముగా మిగిలిపోవును. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గొంతుక మిక్కిలి ఇరుకు. 1990లలో శాస్త్రజ్ఞులు దానిలోనికి కెమెరాను దింపి చూడగా, ఏడు మీటర్ల లోతున ఆ చీలిక జానెడైనను లేదు.

ఇట్లు వేడిమి చిక్కుకొని పెరుగుచుండగా, ఎచ్చటనో కొంత ఆవిరి పుట్టి పై నీటిని కొద్దిగా ఎత్తును. కొంత నీరు అంచు దాటి పొర్లిపోవును. పొర్లినంత బరువు తగ్గెను గదా, దానితో క్రింది నీరు, అంతవరకు మరగక ఓర్చుకొన్నది, ఒక్కసారిగా మరుగుస్థానమును మించినదగును. ఇచ్చట ఒక చిన్న లెక్క వేయకుండ నా కలము కదలదు. 115 డిగ్రీల నీరు 93 డిగ్రీలకు దిగవలెనన్న, నూటికి నాలుగు పాళ్లు ఆవిరియైన చాలును. నాలుగు పాళ్లేనా యని తీసివేయరాదు. ఆ యెత్తున ఆవిరి నీటికంటె సుమారు రెండువేల రెట్లు చోటు కోరును. అనగా చెంబెడు నీటినుండి ఎనుబది చెంబులంత ఆవిరి ఒక్క క్షణమున పుట్టి, జానెడు లేని చీలికలో బయటికి దారి వెదకుకొనవలసి వచ్చును! అప్పుడు నీరు ముప్పది, ఒక్కొక్కప్పుడు ఏబది మీటర్లకు పైగా లేచుటలో ఆశ్చర్యమేమి?

ఈ రహస్యమును ఛేదించినది, మన హైస్కూలు విద్యార్థులందరు ఎరిగిన దీపపు బున్సెనే. అంతకుముందు స్కాట్లండువాడైన సర్ జార్జి మెకెంజీ 1810లో ఐస్లాండునకు పోయి, భూగర్భమున ఒక గుహ యుండుననియు, దాని కప్పు క్రింద ఆవిరి కూడుకొని నీటిని వంకర గొట్టముగుండ నెట్టుననియు సిద్ధాంతీకరించెను. బున్సెను 1846లో ఐస్లాండు గీజరులోనికే ఉష్ణమాపకములను దింపి, నీరు ఏ లోతునను ఆ లోతునకు తగిన మరుగుస్థానమును అందుకొనలేదనియు, ఒకచోట మాత్రము రెండే డిగ్రీలు తక్కువగా నున్నదనియు కనుగొనెను. ఆ నీటిని రెండు మీటర్లు పైకెత్తినచో మరగక తప్పదు. గుహ అక్కరలేదు, గొట్టమే చాలునని తేలెను, మెకెంజీ సిద్ధాంతము మూలబడెను.

అయితే విజ్ఞానలోకమున తీర్పులు శాశ్వతములు కావు. 2013లో వెలువడిన పరిశోధనలో, కమ్చట్కా గీజర్ల గొట్టములలోనికి రష్యన్ శాస్త్రజ్ఞులు కెమెరాలు దింపి చూడగా, ప్రక్కగా గుహలవంటి ఖాళీలు, వాని కప్పుల క్రింద చిక్కుకొన్న ఆవిరి కనబడినవి. ఆ యేడే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ప్రకంపనలను పరిశీలించినవారు సైతము గొట్టమునకు ప్రక్కన ఒక ఖాళీ కలదనిరి. రెండువందల యేండ్లకు మెకెంజీకి సగము న్యాయము జరిగినది. ఈ సగము న్యాయము నాకు పరమానందకరము.

మరి వేళ మాటేమి? ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గంటకొకసారి ఠంచనుగా లేచుననుట ఒట్టి పుకారు. కొద్దిసేపే చిమ్మినచో గొట్టమున నీరును వేడిమియు మిగిలియుండి తిరిగి త్వరగా సిద్ధమగును. నాలుగైదు నిమిషములు చిమ్మి ఖాళీయైనచో గంటన్నర పట్టును. ఉద్యోగులు గత విజృంభణము నిలిచిన నిమిషములను లెక్కించి, పది నిమిషముల తేడాతో బోర్డు వ్రాయుదురు. 1959 నాటి భూకంపము తరువాత ఈ విరామము పెరిగినది. పదమూడవ శతాబ్దపు ఘోరమైన కరవులో ఇది బహుకాలము మూగవోయి, దిబ్బమీద చెట్లే మొలచినట్లు సిలికాలో నిలిచిన మ్రాను ముక్కలు చెప్పుచున్నవి.

ఇక ప్రయోజనములందురా? సబ్బు వేసినచో గీజరు త్వరగా లేచునని 1880లలోనే కనిపెట్టి యాత్రికులు దుర్వినియోగము చేయగా, యెల్లోస్టోన్‌లో అది నిషిద్ధమైనది. న్యూజిలాండులో మాత్రము లేడీ నాక్స్ గీజరునకు ప్రతిదినము ఉదయము 10:15కు సబ్బు తినిపించి చూపుచున్నారు. ఆ దేశముననే వైరాకీ వద్ద భూగర్భపు వేడిమినుండి విద్యుత్తు తీయుటకు బావులు త్రవ్వగా, ఆ లోయలోని గీజర్లన్నియు చచ్చినవి. రోటొరువా ఊరివారు ఇండ్లు కాచుకొనుటకు వేసిన బోర్లను 1980లలో ప్రభుత్వము మూయించిన పిమ్మట అచ్చటి బుగ్గలు కొన్ని కోలుకొన్నవి. వైరాకీకి ఆ భాగ్యము కలుగలేదు.