ఇంట్లో పసుపు నిల్వ – ఆరోగ్య జాగ్రత్తలు



సంక్రాంతి వచ్చిందంటే మన నిజామాబాదు జిల్లాలో పసుపు తవ్వకాలు మొదలవుతాయి. జాతీయ పసుపు బోర్డును 2025 జనవరిలో మన నిజామాబాదులోనే ప్రారంభించారు. యార్డుకు పంపగా మిగిలిన పసుపును ఏడాదికి సరిపడా ఇంట్లో దాచుకోవడం మన అలవాటు. అలవాటు మంచిదే. కానీ సరిగా ఆరని పసుపు బూజు పడుతుంది. పురుగు పట్టకూడదని పెట్టే మందు ఒక్కోసారి ఇంట్లోవాళ్ల ప్రాణమే తీస్తుంది.

ఉడికించడం

తవ్విన రెండు మూడు రోజుల్లోనే ఉడికించాలి. మట్టి కడిగి, కొమ్ములను, తల్లి దుంపలను వేరు చేయండి. కొమ్ములు మునిగేంత నీళ్లు చాలు. 45 నిమిషాల నుండి గంట వరకు ఉడికితే నురుగు వచ్చి, తెల్లని ఆవిరితో పసుపు వాసన తెలుస్తుంది. పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి.

కాగే కడాయి దగ్గరికి పిల్లలను రానివ్వకండి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి తీసుకురండి. కాలినచోట పసుపు, పేస్టు, సిరా పూయవద్దు. పూస్తే గాయం ఎంత లోతో మాకు కనబడదు, చీము పట్టే ప్రమాదం కూడా ఉంది.

ఆరబెట్టడం

శుభ్రమైన కళ్లంలో లేదా టార్పాలిన్ మీద రెండు మూడు అంగుళాల మందంలో పరచి, 10 నుండి 15 రోజులు ఎండబెట్టాలి. రాత్రి కుప్ప చేసి కప్పాలి. కొమ్మును విరిస్తే టక్కున శబ్దం రావాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్లే. తేమ ఉంటే బూజు వస్తుంది. కొన్ని రకాల బూజు నుండి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టి కాలేయాన్ని పాడుచేస్తుంది. వండినా ఆ విషం పూర్తిగా పోదు. కాబట్టి బూజు పట్టిన కొమ్మును కడిగి వాడకండి, పారవేయండి.

దాచడం

శుభ్రమైన పొడి గోనె సంచుల్లో నింపి, చెక్కల మీద, గోడకు ఒక అడుగు దూరంలో పెట్టండి. వానాకాలం పోయాక మళ్లీ ఒకసారి ఎండకు పెట్టండి. పొడిని కొద్దికొద్దిగా పట్టించుకుని, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచండి.

పురుగు బిళ్లలతో ప్రాణాపాయం

ధాన్యంలో, పసుపులో పురుగుకు పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. అది గోడ సందుల్లోంచి పక్క గదికీ పాకుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. శిక్షణ పొంది, అనుమతి ఉన్నవారే వీటిని వాడాలి. మనుషులు పడుకునే ఇంట్లో ఎన్నటికీ పెట్టవద్దు.

వెల్లుల్లి వాసన లేక కుళ్లిన చేప వాసన, తలనొప్పి, వాంతులు, ఛాతీలో బిగువు, ఆయాసం దీని లక్షణాలు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులైతే అన్నం పడలేదని ఊరుకోకండి. అందరినీ వెంటనే ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. బిళ్లల మీద నీళ్లు పోయవద్దు. ఎవరైనా మింగితే నీళ్లు, ఉప్పునీళ్లు తాగించవద్దు, వాంతి చేయించవద్దు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోండి. ఏమి మందో డాక్టరుకు చెప్పండి.

మెరుపు చూసి మోసపోవద్దు

కొన్నిచోట్ల కొమ్ములు మెరవడానికి లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలుపుతారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది, గర్భిణులకూ హాని చేస్తుంది. బంగ్లాదేశ్ బజార్లలో 2019లో పరీక్షించిన పసుపులో 47 శాతం నమూనాల్లో ఈ కల్తీ కనబడింది. అక్కడి ప్రభుత్వం గట్టిగా తనిఖీలు చేసి, ప్రజలకు తెలియజెప్పడంతో 2021 నాటికి అది కనబడకుండా పోయింది. జాగ్రత్తపడితే ఫలితం ఉంటుందనడానికి ఇదే సాక్ష్యం.

కొన్న కొమ్మును గ్లాసు నీళ్లలో వేసి చూడండి. వెంటనే చిక్కని పసుపు రంగు దిగితే అనుమానించాలి.

అమ్మడానికైనా, తినడానికైనా మన కళ్లంలో రంగు కలపకుందాం. మన ఇంటి పిల్లవాడికి పెట్టలేనిది పొరుగింటి పిల్లవాడికీ పెట్టకూడదు కదా. సందేహాలుంటే మా ఆసుపత్రి నర్సులను అడగండి. దేవుడు మీ కుటుంబములను కాపాడునుగాక.