తురుపు జాకీలను కొట్టడానికి పుట్టిన ముక్క

పేకలో రాజు, రాణి, ఆసు శతాబ్దాల నాటివి. జోకర్ వయసు నూటయాభై ఏళ్ల పైచిలుకు, అంతే. టారో పేకలోని ‘పిచ్చివాడు’ దీనికి తాత అని చాలామంది నమ్ముతారు. 15వ శతాబ్దపు ఇటలీలో పుట్టిన ఆ ముక్కకీ దీనికీ బొమ్మలోనే పోలిక, వంశం వేరు. జోకర్‌ది అమెరికా పుట్టుక, అదీ యూకర్ అనే ఒక్క ఆట కోసం.

యూకర్‌లో తురుపు జాకీదే పెత్తనం. ఇస్పేటు తురుపైతే ఇస్పేటు జాకీ మొదటిది, అదే నలుపు రంగున్న కళావరు జాకీ రెండోది. ఆసైనా రాజైనా వీటి తర్వాతే. ఈ రెంటినీ బవర్లు అంటారు. 1860ల్లో ఆటగాళ్లకు అదీ చాలక, రెంటినీ కొట్టే మూడో ముక్కను చేర్చుకున్నారు. 1863లో శామ్యూల్ హార్ట్ సంస్థ దాన్ని ‘ఇంపీరియల్ బవర్’ పేరుతో అచ్చువేసింది. అప్పటికి విదూషకుడి బొమ్మ లేదు. గంటల టోపీ 1880ల నాటికి గానీ స్థిరపడలేదు.

నన్ను అబ్బురపరిచేది ఆ తర్వాతి మలుపు. 1870ల్లో పోకర్ ఆడేవాళ్లు ఈ ముక్కను తీసుకుని దాని పనినే మార్చేశారు. యూకర్‌లో అది అందరినీ ఓడించే మొనగాడు. పోకర్‌లో దానికి సొంత విలువంటూ లేదు, చేతిలో ఏ ముక్క లోటైతే ఆ ముక్క అవుతుంది. ఇది సాధ్యమైంది దానికి జాతీ అంకే లేకపోవడం వల్లనే. మిగతా యాభై రెండు ముక్కలకూ పుట్టుకతో ఆ వెసులుబాటు లేదు. ఇరవయ్యో శతాబ్దంలో రమ్మీ ఈ రెండో పనినే ప్రపంచమంతా పాకించింది.

యూకర్ మాత్రం అమెరికాలో ఎక్కువగా జోకర్ లేకుండానే సాగుతోంది! ఇంగ్లండు నైరుతి ప్రాంతాల్లో మాత్రం ‘బెన్నీ’ పేరుతో అది ఇంకా పెద్ద తురుపే.

మన పదమూడు ముక్కల రమ్మీలో అచ్చు జోకర్‌తో సరిపెట్టుకోరు. పంపకం కాగానే ఒక ముక్క తీసి, ఆ అంకె ఉన్నవన్నీ జోకర్లే అంటారు. ఇన్ని జోకర్లున్నా ఒక్క సీక్వెన్సు మాత్రం వాటి సాయం లేకుండా కూర్చాలి. దాన్నే ‘లైఫ్’ అంటారు. అది లేనిదే షో చెల్లదు. జోకర్ల వల్ల రమ్మీ వట్టి అదృష్టమైపోదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో, 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగానే గుర్తించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలన్నది కోర్టు చెప్పిన కారణం. జోకర్ చేతికొచ్చినా ఆ లెక్క తప్పదు.