గాలి మోసే బరువు

అమెరికాలో చిన్న కాంట్రాక్టర్లూ పెద్ద కమతాల రైతులూ పికప్ వెనక తగిలించుకుపోయే ట్రైలర్లలో బాగా కనబడే రకం ఒకటుంది. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. ఒక్కో ఇరుసు 7,000 పౌన్లు మోస్తుంది. బండీ సరుకూ కలిపి 14,000 పౌన్లు, అంటే 6,350 కిలోలు మించకూడదని చట్రానికి బిగించిన రేకు మీద రాసి ఉంటుంది. మట్టి తవ్వే చిన్న యంత్రాన్నో ట్రాక్టర్‌నో దాని మీద ఎక్కించి వందల కిలోమీటర్లు లాక్కుపోతారు. ఇలాంటి వాటికి ఫ్యాక్టరీలో తరచుగా వేసే టైరు ఎస్‌టీ 235/80 ఆర్ 16, లోడ్ రేంజ్ ‘ఈ’. ఒక్కొక్కటి మోయగలిగేది 3,520 పౌన్లు. నాలుగుతో హెచ్చవేస్తే 14,080. రేకు మీది అంకెకూ టైర్ల ఓపికకూ మధ్య మిగిలింది 80 పౌన్లు, 36 కిలోలు. డిస్కుతో సహా ఒక స్టెప్నీ ఎక్కిస్తే ఇంచుమించు అయిపోతుంది.

న్యాయంగా చెప్పాలంటే బరువంతా ఈ నాలుగు టైర్ల మీదే పడదు. పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముందున్న కొక్కెం మీదుగా పికప్ మోస్తుంది. కాని మిగతా బరువు నాలుగు చక్రాలకూ సమానంగా పంచబడుతుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేదు. యంత్రాన్ని ఒక జానెడు పక్కకు ఆపితే చాలు, ఒక టైరు హద్దు దాటిపోతుంది. అందుకే ఆ టైర్లు అరిగి మార్చే రోజు వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ మోసేవి వేద్దామని చాలామంది అనుకుంటారు. మంచి ఆలోచనే. అయితే వాళ్లు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీదని. నా లెక్కలో అది మూడోదో నాలుగోదో కావాలి. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, అసలు టైరులో బరువు మోసేదేమిటన్నది.

మోసేది రబ్బరు కాదు. గాలి. ఆ టైరులో చదరపు అంగుళానికి 80 పౌన్ల ఒత్తిడితో గాలి ఉంటే, 3,520 పౌన్లను ఆపడానికి నేలకు ఆనే చోటు సుమారు 44 చదరపు అంగుళాలు కావాలి. ఏ4 కాగితంలో సగం కూడా కాదు. పక్కగోడల బిరుసుతనం కాస్త సాయం చేస్తుంది గాని అది కొంచెమే. రబ్బరూ దారాలూ ఉక్కు తీగలూ చేసే పని ఆ గాలిని బయటికి పోనీయకుండా బంధించడం. ఎక్కువ బరువు మోయాలంటే రెండే దారులు: ఎక్కువ గాలిని పట్టే పెద్ద టైరు, లేదా అదే చోటులో ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే గట్టి టైరు. టైరు చరిత్రంతా ఈ రెండు దారుల మధ్యనే నడిచింది.

గాలిని చక్రంలో బంధించవచ్చని మొదట పేటెంటు తీసుకున్నవాడు స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్. 1845 డిసెంబరు 10న ఆ పేటెంటు వచ్చేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. రబ్బరు పట్టించిన గుడ్డతో ట్యూబు, దాని మీద తోలు తొడుగు. లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రబ్బండ్లకు తొడిగి చూపించాడు. ఒక జత 1,200 మైళ్లు నడిచిందంటారు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి సైకిల్ లేదు, కారు లేదు, సన్నని రబ్బరు చవగ్గా దొరికేదీ కాదు. గంధకంతో కాచి రబ్బరును గట్టిపరచే పద్ధతి చార్లెస్ గుడ్‌ఇయర్ చేతికి చిక్కి అప్పటికి ఆరేళ్లే.

ఆ తర్వాత థామ్సన్ చేసిన పని నాకు ఇంకా ఆసక్తికరం. 1867లో ఆయన ఆవిరి బండి తయారుచేశాడు, రోడ్డు మీద బరువులు లాగడానికి. దాని చక్రాలకు గాలి టైర్లు వేయలేదు. మందపాటి గట్టి రబ్బరు పట్టీలు వేశాడు. గాలి టైరును కనిపెట్టిన మనిషే భారీ బరువు దగ్గరికి వచ్చేసరికి గాలిని నమ్మలేదన్నమాట. ఆ బండ్లు మన దేశానికీ వచ్చాయి. 1870ల మొదట్లో క్రాంప్టన్ అనే సైనికాధికారి పంజాబులోని గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద వాటిని నడిపించాడు. ఇప్పుడు మన ఇళ్లలో ఫ్యాన్ల మీద ఉండే క్రాంప్టన్ పేరు ఆయనదే.

బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్‌కు గాలి టైరు వేసిన కథ అందరూ చెప్పేదే. 1888లో పేటెంటు తీసుకున్నాడు, థామ్సన్‌ది ముందే ఉందని తేలి అది చెల్లకుండా పోయింది. అయినా సైకిల్‌కు గాలి టైరు అతుక్కుపోయింది. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగొచ్చే పందెంలో మిషెలిన్ సోదరులు కారుకూ వేశారు. లారీ మాత్రం ఇంకో పాతికేళ్లు గట్టి రబ్బరు మీదే దడదడలాడింది. టన్నుల కొద్దీ బరువు కింద గాలి నిలుస్తుందని ఎవరికీ నమ్మకం లేదు.

ఆ నమ్మకం కలిగించడానికి 1917లో గుడ్‌ఇయర్ కంపెనీ ఒక పని చేసింది. ఐదు టన్నుల ప్యాకర్డ్ లారీకి గాలి టైర్లు వేసి, ‘వింగ్‌ఫుట్ ఎక్స్‌ప్రెస్’ అని పేరు పెట్టి, ఓహాయోలోని ఏక్రన్ నుంచి బోస్టన్‌కు పంపింది. దూరం వెయ్యీ రెండొందల కిలోమీటర్లలోపే. మొదటి ప్రయాణానికి వారాలు పట్టింది. టైర్లు పోయాయి, ఇంజను మొరాయించింది, బురద రోడ్లు, బలంలేని వంతెనలు సరేసరి. అయినా మానలేదు. కొద్ది కాలంలోనే ఆ మార్గంలో లారీలు క్రమం తప్పకుండా నడిచాయి. గాలి టైర్ల మీది లారీ వేగంగా పోగలదనీ, సరుకూ రోడ్డూ కూడా తక్కువ దెబ్బతింటాయనీ తేలాక గట్టి టైర్ల కాలం చెల్లిపోయింది.

ఇక్కడ గెలిచింది గాలి అని చెప్పుకుంటాం గాని నిజంగా మెరుగైంది దాన్ని బంధించే గోడ. మొదట నూలు గుడ్డ. దాని పడుగూ పేకా టైరు వంగిన ప్రతిసారీ ఒకదాన్నొకటి కోసుకునేవి. దాంతో అడ్డపోగులు తీసేసి దారాలన్నీ ఒకే దిక్కుగా పరిచి, పొర మీద పొర ఏటవాలుగా వేయడం మొదలుపెట్టారు. బరువు పెరిగితే పొరలు పెంచేవారు. పది పొరల టైరు అంటే లెక్కపెడితే నిజంగా పది నూలు పొరలే. తర్వాత రేయాన్, నైలాన్, పాలిస్టర్, ఉక్కు వచ్చి ఒక్కో పొర బలం పెరిగింది, పొరల సంఖ్య తగ్గింది. లెక్క మాత్రం పాతదే మిగిలింది. ఈనాటి లోడ్ రేంజ్ ‘ఈ’ టైరును పది ప్లై అంటారు. కోసి చూస్తే పక్కగోడలో రెండు పాలిస్టర్ పొరలే ఉండవచ్చు. మోసం కాదు. పది నూలు పొరలంత బలమని దాని అర్థం. 14 ప్లై, లోడ్ రేంజ్ ‘జీ’ కూడా అంతే.

1946లో మిషెలిన్ పేటెంటు తీసుకున్న రేడియల్ టైరు ఈ ఏటవాలు పొరల పద్ధతినే మార్చేసింది. దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు తిన్నగా పోతాయి, పైన నడకపట్టీ కింద ఉక్కు తీగల బెల్టులు. మన లారీ డ్రైవర్లు నైలాన్ టైరు అనే పాత రకంలో వంగినప్పుడల్లా పొరలు ఒకదాని మీదొకటి రుద్దుకుని వేడెక్కుతాయి. రేడియల్‌లో పక్కగోడ మెత్తగా వంగుతుంది, బెల్టు నేల మీద చదునుగా పరుచుకుంటుంది, వేడి తక్కువ.

టైరును చంపేది బరువుకన్నా వేడే. మనం చెప్పుకున్న ట్రైలర్ టైరు చుట్టుకొలత రెండున్నర మీటర్లకు కొంచెం తక్కువ. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో దాని ప్రతి భాగమూ గంటలో నలభై వేలసార్లు నలిగి లేస్తుంది. నలిగినప్పుడు తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా ఉంచుకుంటుంది. గాలి తగ్గితే నలుగుడు పెరుగుతుంది. ఉక్కు తీగకు ఇత్తడి పూత పూసేది ఆ ఇత్తడిలోని రాగీ రబ్బరులోని గంధకమూ కలిసి పట్టు ఏర్పడాలనే. లోపలి వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటిపోతూ ఉంటే ఆ పట్టు సడలుతుంది. బెల్టు అంచున మొదలై, పైపట్ట మొత్తం ఊడి గాల్లోకి లేస్తుంది. 80కి బదులు 65 పౌన్ల గాలితో నడిపితే ఆ టైరు మోయగలిగేది 3,000 పౌన్లే. లోపం కంటికి కనబడదు, ఎందుకంటే పదిహేను పౌన్లు తగ్గినా టైరు చూడ్డానికి నిక్షేపంగానే ఉంటుంది.

కారులోనైతే కూర్చున్నవాడికి ఏదో తేడా తెలుస్తుంది. స్టీరింగు లాగుతుంది, సీటు అదురుతుంది. ట్రైలర్‌లో ఎవరూ కూర్చోరు. చేతులకు తెలిసే స్టీరింగు దానికి లేదు. అద్దంలో పొగో, ఎగిరే రబ్బరు ముక్కో కనబడేదాకా లాగేవాడికి కబురందదు. పైగా ఈ బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటుంది. రబ్బరులో కలిపే మైనపు పదార్థాలు టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే పైకి ఊరి, గాలిలోని ఓజోను నుంచి కాపాడతాయి. నిలబడిపోయిన టైరుకు ఆ పూత అందక పగుళ్లు వస్తాయి, గాడులు కొత్తవిలా ఉన్నా సరే. రెండు ఇరుసులు దగ్గరగా ఉన్న బండిని బాగా మలుపు తిప్పితే చక్రాలు దొర్లవు, పక్కకు ఈడ్చుకుపోతాయి. పెట్రోలు బంకులో వెనక్కి తిప్పుకునేటప్పుడు కిందికి దిగి చూడండి, పక్కగోడ ఎంత మెలి తిరుగుతుందో.

ఇప్పుడు దుకాణానికి వెళదాం. పక్కగోడ మీద మొదట చూడవలసింది చివరి నాలుగు అంకెలు. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. గోడౌనులో మూడేళ్లు పడుకున్న టైరును కొత్తదని కొనడం అనవసరం. ట్రైలర్ టైరు ఎలాగూ ఐదారేళ్లకు మించి నమ్మదగినది కాదు, అరగకపోయినా.

తర్వాత ఎస్‌టీ, ఎల్‌టీ అక్షరాలు. ఒకే కొలత 235/85 ఆర్ 16, ఒకే 80 పౌన్ల గాలి. ట్రైలర్లకని ఎస్‌టీ అచ్చువేస్తే 3,640 పౌన్లు, తేలికపాటి ట్రక్కులకని ఎల్‌టీ అచ్చువేస్తే 3,042. ఎస్‌టీ టైరు నిజంగా అంత బలమైనదా? ఆ పెద్ద అంకె వెనక, వేరే గుర్తు లేకపోతే గంటకు 65 మైళ్లు, అంటే 105 కిలోమీటర్లు మించననే ఒప్పందం ఉంది. నడిపే చక్రమూ కాదు, తిప్పే చక్రమూ కాదు కాబట్టి మరికొంత వెసులుబాటు. అమెరికాలో 2000లో వచ్చిన చట్టం తర్వాత చిన్న వాహనాల టైర్లకు కఠినతరమైన పరీక్ష పెట్టారు, ఎస్‌టీ టైర్లను అందులోంచి మినహాయించారు. కాబట్టి ఎస్‌టీ అంకెను చూసి మురిసిపోవద్దు, దాన్ని పైకప్పుగా తీసుకుని దానికి పదిహేను ఇరవై శాతం కింద ఉండండి. వేగం అక్షరం కూడా చూడాలి: ‘ఎల్’ అంటే 120 కిలోమీటర్లు, ‘ఎమ్’ అంటే 130.

ఈ 235/85 కొలతలోనే ఎస్‌టీ లోడ్ రేంజ్ ‘జీ’ టైరు 110 పౌన్ల గాలితో 4,400 పౌన్లు మోస్తుంది. నాలుగు కలిపితే 17,600. ఇది నిజమైన వెసులుబాటు, నేనైతే ఇదే కొంటాను. కాని కొనేముందు పాత డిస్కును తిప్పి చూడాలి. 80 పౌన్లకు తయారైన రిమ్ములో 110 పౌన్లు కొట్టడం ప్రాణాలతో చెలగాటం. సాధారణ రబ్బరు వాల్వు ఆ ఒత్తిడికి చాలదు, లోహపుది బిగించాలి. వ్యాసం 24 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి రెండు టైర్ల మధ్య సందు అంత తగ్గుతుంది. ఇంతా చేసి ఇరుసు బలం ఒక్క పౌను కూడా పెరగదు. టైర్లు 17,600 మోస్తాయి కదా అని సరుకు పెంచితే ఈసారి విరిగేది ఇరుసు. ఇంకా పైకి పోదలచినవారు డిస్కులు కూడా మార్చి 215/75 ఆర్ 17.5 వేస్తారు. అది పూర్తిగా ఉక్కు తీగలతో కట్టిన లారీ జాతి టైరు. ఒక్కొక్కటి 4,805 పౌన్లు మోస్తుంది, ఎత్తులో పాతదానికంటే కొంచెం చిన్నదే.

మన దగ్గర లెక్క వేరు. 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. ఇనుప పట్టా చక్రాలున్న ఎడ్లబండ్లు పోయి టైరు బండ్లు వచ్చాయి. తర్వాత ట్రాక్టరు ట్రక్కులు. సదాశివపేటలో, చిన్నపండూరులో, అచ్యుతాపురంలో ఇప్పుడు టైర్ల ఫ్యాక్టరీలున్నా, చెరకో ధాన్యమో మోసే ట్రక్కు కింద చాలాచోట్ల కనబడేది లారీ నుంచి దిగిన రీట్రెడ్ టైరే. ముప్పై కిలోమీటర్ల వేగంలో అది చెల్లిపోతుంది, ఎందుకంటే అంతగా వేడి పుట్టదు. అదే ట్రక్కును బొలెరో వెనక కట్టి హైవే మీద ఎనభైలో లాగితే చెల్లదు.

ఏ దేశంలోనైనా గాలి చల్లటి టైరులోనే చూడాలి, బయల్దేరే ముందు. దారిలో వేడికి ఒత్తిడి పెరిగిందని గాలి తీసేయకూడదు. సరుకెక్కించాక ఒకసారి కాటా వేయించి, వీలైతే ఒక్కో ఇరుసు బరువూ విడివిడిగా చూసుకుంటే మంచిది. నాలుగు చక్రాల బండిలో ఒక టైరు పోతే అదే పక్కనున్న రెండోదాని మీద అప్పటికప్పుడు దాదాపు రెట్టింపు బరువు పడుతుంది. 1,600 కిలోల టైరు మూడు వేల కిలోలతో ఎంత దూరం పరుగెత్తిందో లాగేవాడికి తెలియదు. పేలిన దాన్ని మార్చి, పైకి బాగానే కనబడే ఆ రెండోదాన్ని అలాగే వదిలేస్తారు. కొన్నాళ్లకు అదీ పేలితే తిట్లు కంపెనీకి. ఒకటి పోయినప్పుడు ఆ పక్క రెండూ మార్చాలి.