‘ఎంప్టీనెస్’కు తెలుగేది?

పత్తి రైతుల ఆత్మహత్యల మీద ఇంగ్లీషులో వచ్చిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఒక చిన్న మాట దగ్గర చిక్కుకుపోయాను. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు, కొట్టిన మందు పనిచేయక, తెచ్చిన అప్పు తీరే దారి లేక రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ వ్యాసకర్త చనిపోయిన ఒక రైతు ఇంటిని వర్ణిస్తూ ‘ఎంప్టీనెస్’ అన్నాడు. నేను పెద్దగా ఆలోచించకుండానే ‘ఆ ఇంట శూన్యం ఆవరించింది’ అని రాశాను. వినడానికి బాగానే ఉన్నది. మన కథల్లో, కవితల్లో, విమర్శల్లో ఇలాంటి వాక్యాలు కొల్లలు.

చిలకలూరిపేట దగ్గర పత్తీ మిరపా వేసే మా చిన్నాన్నకు ఆ పేజీ చదివి వినిపించాను. ‘‘శూన్యం ఏందిరా? దానంతటదే వచ్చి కూచుందా? గొడ్లను అమ్ముకున్నారు, ఇంట్లో గింజ లేదు, ఆ అమ్మాయి మెడ బోసిగా ఉంది. అది రాయి’’ అన్నాడు.

ఆయన కోపంలో ఒక భాషా సూత్రం ఉన్నది. మా పొలాల్లో లేమిని చెప్పే మాటలు చాలా ఉన్నాయి గాని, ఏది లేదో చెప్పకుండా ఊరుకునే మాట మాత్రం కనపడదు. పాలివ్వడం మానిన గేదె వట్టిపోతుంది. నగ లేని మెడ బోసి, పళ్ళు లేని నోరు బోసి. సాగు లేని నేల బీడు. లోపల సరుకు లేనిది డొల్ల. గింజ పట్టని వడ్లు తాలు. ఈ చివరి మాట గుంటూరు మిర్చి యార్డుకు చేరేసరికి కొంత అర్థం మార్చుకున్నది. అక్కడ తాలు అంటే లోపల ఏమీ లేని కాయ కాదు, రంగు పోయి తెల్లబారిన కాయ. కల్లాల్లో ఆడకూలీలు ఎండలో వంగి కూచుని తాలును వేరు చేస్తారు. దానికి వేరే టిక్కీలు, వేరే ధర. ఎర్రకాయ ముందు అది బాగా తక్కువే, అయినా ధరే. అంటే మా వ్యవసాయంలో ఖాళీతనానికి కూడా ఒక కారణం, ఒక కొలత, ఒక కొనుగోలుదారు ఉంటారు.

ఇంగ్లీషు మాటలకూ మొదట ఇలాంటి బతుకు వాసనే ఉండేది. ‘ఎంప్టీ’కి మూలమైన పాత ఇంగ్లీషు మాటకు అర్థం ‘తీరిక’. పని లేకుండా ఉన్నవాడు ఎంప్టీ, మనం ‘ఖాళీగా ఉన్నాను’ అన్నట్టే. అరబ్బీలో పుట్టి మన దాకా వచ్చిన ఈ ‘ఖాళీ’ ఎంత పని చేస్తున్నదో చూడండి: తీరికకూ అదే, నిరుద్యోగానికీ అదే, ఆఫీసులో భర్తీ కాని పోస్టుకూ అదే, అద్దె ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికీ అదే. ‘బ్లాంక్’ అంటే ఫ్రెంచిలో తెలుపు. మనవాళ్ళూ రాయని కాగితాన్ని తెల్లకాగితమే అన్నారు. ‘వాయిడ్’ తత్వవేత్త నోట మహాశూన్యం, కోర్టులో మాత్రం ‘చెల్లనిది’. ఇన్నిటినీ అనువాదకులం తెచ్చి ఒకే శూన్యంలో పోస్తున్నాం. అందులో ఒక సౌకర్యం ఉన్నది మరి: శూన్యం అంటే కారణం చెప్పనక్కర్లేదు.

అది గొప్ప తత్వపదం కదా అని ఒక మిత్రుడు వాదించాడు. గొప్పదే, కాదనను. అయితే ఆ గొప్పతనం నా వాక్యాన్ని కాపాడదు. శూన్యవాదాన్ని నిలబెట్టిన ఆచార్య నాగార్జునుణ్ణి సంప్రదాయం మా పల్నాటి కృష్ణాతీరానికే ముడిపెట్టింది. ఆ ముడి ఎంత గట్టిదన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు, అది వేరే సంగతి. ఆయన ‘మూలమధ్యమకకారిక’లో వస్తువు శూన్యమంటే వస్తువే లేదని కాదు. తనంతట తానుగా నిలిచే స్వభావం దానికి లేదని. ప్రతిదీ ఇతర కారణాల మీద ఆధారపడి పుడుతున్నది గనుకనే శూన్యం. 1927లో లెనిన్‌గ్రాడ్ పండితుడు షెర్బాట్‌స్కీ బౌద్ధ నిర్వాణం మీద రాసిన గ్రంథంలో ఈ శూన్యతను ‘ఎంప్టీనెస్’ అనకుండా ‘రిలేటివిటీ’, అంటే సాపేక్షత అని అనువదించాడు. ఆ మాట తర్వాతి వారిలో నిలవలేదు. కాని ‘ఏమీ లేకపోవడం’ అన్న అపార్థం రాకూడదన్న ఆయన జాగ్రత్తలో తప్పు పట్టడానికి లేదు. ‘దానంతటదే వచ్చి కూచుందా?’ అని అడిగిన మా చిన్నాన్న కారికలు చదవలేదు. అడిగింది మాత్రం ఆ ప్రశ్నే.

శూన్యమే ప్రాకృతం మీదుగా మన సున్న అయింది. అరబ్బులు దాన్ని ‘సిఫ్ర్’ అనుకోగా, యూరపు చేరి ‘జీరో’ అయింది. అక్షరం పక్కన పెట్టేదాన్ని మనం నిండుసున్న అన్నాం. అరసున్నతో తేడా తెలియడానికే అనుకోండి, అయినా నిండైన సున్న అనడం నాకు ముచ్చటగానే ఉంటుంది. సున్న నిండుగా ఉండటం ఎలాగో తెలియాలంటే మాత్రం ప్రోనోటు చూడాలి.

మా వైపు ఖాళీ ప్రోనోటు అంటే ఏమిటో తెలియని రైతు ఇల్లు అరుదు. విత్తనం, ఎరువు, పురుగుమందు అరువు తెచ్చుకునే రైతు, ముఖ్యంగా భూమి కాగితం చేతిలో లేని కౌలురైతు, స్టాంపు మీద సంతకమో వేలిముద్రో పెట్టి, అంకె వేయని నోటు ఇచ్చి వస్తాడు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను ప్రకారం, స్టాంపు ఉన్న కాగితం మీద అలా సంతకం చేసి అప్పగిస్తే, ఆ స్టాంపు చెల్లే మేరకు దాన్ని పూర్తిచేసుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్టే ప్రాథమికంగా లెక్క. అంటే బ్లాంక్ అయినంత మాత్రాన వాయిడ్ కాదు. కాగితం మీద ఖాళీ ఉన్నది, ఆ ఖాళీకి సొంతదారు మాత్రం సంతకం పెట్టినవాడు కాదు. కాయ సరిగా విచ్చక గుడ్డిపత్తి అయిన ఒక ఏడు, మా చిన్నాన్న ఇచ్చిన నోటు మీద ఒక వ్యాపారి తీసుకున్నదానికి ఒక సున్న ఎక్కువ వేసుకుని వచ్చాడు. పెద్దమనుషులు కూచుని తగ్గించినా ఎకరం పోయింది. పిన్ని మెడ బోసిపోయింది కూడా ఆ ఏడే.

నా అనువాదంలో శూన్యాన్ని కొట్టేశాను. మూలంలో లేని వివరాలు చేర్చే హక్కు నాకు లేదు గనుక ‘ఆ ఇల్లు ఖాళీ అయింది’ దగ్గర ఆగాను. చిన్నాన్న దానికీ పూర్తిగా ఒప్పుకోలేదు. ‘‘అయిందా, చేశారా?’’ అన్నాడు. అచ్చులో ‘అయింది’ అనే ఉన్నది.